దేవుడిలా చూసుకుంటున్నాం సరే, నడవనిస్తున్నామా?



కార్తీక స్నానాల మీద మన ఛానెల్లో వీడియో వచ్చాక చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "మా ఇంట్లో పెద్దావిడ తెల్లవారుజామున లేచి తలస్నానం చేస్తానంటుంది. కాలు జారి పడుతుందేమోనని మాకు భయం. వద్దంటే బాధపడుతుంది, సరే అంటే మాకు నిద్ర పట్టదు. ధర్మం ఏం చెబుతుంది?" అని.

నేను పండితుణ్ణి కాదు. ఇంజనీరింగ్ చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. కానీ ఈ ప్రశ్న మా ఇంట్లో పుట్టింది, మా ఇంట్లోనే ఏడాది పాటు నలిగింది. అందుకే శాస్త్రం కంటే ముందు మా కథే చెబుతాను.

ఆ రోజు తెల్లవారుజామున

మా నాన్నమ్మకి 78 ఏళ్లు. తెనాలి పక్కన పల్లెటూరు మాది. తాతయ్య పోయాక ఆవిణ్ణి మాతోపాటు హైదరాబాద్ తీసుకొచ్చేశాం. కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తులో ఫ్లాట్. ఊళ్లో ఆవిడకి వాకిలి, తులసికోట, నుయ్యి, పక్కింటి అరుగు ఉండేవి. ఇక్కడ దేవుడి గది, బాల్కనీ మిగిలాయి. అయినా ఏనాడూ ఫిర్యాదు చెయ్యలేదు. నాలుగున్నరకి లేవడం, స్నానం, మడి కట్టుకుని దీపం, ఆ తర్వాతే కాఫీ. ఈ క్రమం మాత్రం తప్పనిచ్చేది కాదు.

పోయినేడు కాదు, అంతకు ముందు కార్తీకంలో, తడిచీరతో బాత్రూంలోంచి బాల్కనీలోకి నడుస్తోంది. మడిబట్ట ఆరేసిన దండెం అక్కడే ఉంటుంది మరి. చీర అంచుల్లోంచి కారిన నీళ్లు హాల్లో టైల్స్ మీద పడ్డాయి. లైటు వేస్తే మాకు మెలకువ వస్తుందని వెయ్యలేదట. కాలు జారింది. చెయ్యి ఆనించి పడింది. కుడి మణికట్టు దగ్గర ఎముక విరిగింది.

6 వారాల కట్టు. "తుంటి ఎముక విరగలేదు, అదృష్టవంతులు" అన్నారు డాక్టరు. ఆ మాట విని మా నాన్న ఆసుపత్రి వరండాలో కూలబడి ఏడ్చాడు. మా నాన్న ఏడవడం నేను చూసింది అది రెండోసారి.

మేం పెట్టిన రూల్స్

ఇంటికి వచ్చాక మేం చేసింది ఏ ఇంట్లోనైనా చేసేదే. తెల్లవారుజామున స్నానం బంద్. ఎండ వచ్చాక, అమ్మ సాయంతోనే స్నానం. బాత్రూం గడియ వేసుకోకూడదు. బాల్కనీ తలుపుకి తాళం. గుమ్మం ముందు ముగ్గు పనిమనిషి వేస్తుంది. కింద పార్కులోకి ఒక్కతే వెళ్లకూడదు. గుడికి ఆదివారం కార్లో మేమే తీసుకెళతాం. వీలైతే.

నేను నా వంతుగా హాల్లో ఒక కెమెరా పెట్టాను. పడితే కనిపెట్టి ఫోన్‌కి అలర్ట్ పంపే వాచీ ఒకటి కొన్నాను. ఆఫీసులో మీటింగ్ మధ్యలో కెమెరా యాప్ తెరిచి, నాన్నమ్మ సోఫాలో కూర్చుని ఉండడం చూసి, హమ్మయ్య అనుకునేవాణ్ణి. మా ఫీల్డ్‌లో పండగ సేల్స్ ముందు 'చేంజ్ ఫ్రీజ్' అని పెడతారు. సిస్టంలో ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు, ఏదీ మారకూడదు. అలా ఉంచితే ఏదీ పాడవదని నమ్మకం. నేను నాన్నమ్మ మీద అదే పెట్టాను.

కెమెరా పెట్టిన రెండో రోజు ఆవిడ దాని కేసి చూసి అంది. "ఒరేయ్ నాన్నా, దేవుడికి రెప్పపాటు ఉండదంటారు. దీనికీ లేదు. కాకపోతే ఆయన చూసినవన్నీ మీ నాన్నకి ఫోన్ చేసి చెప్పడు."

అందరం నవ్వాం. ఆ మాటలో నవ్వు ఎంత, బాధ ఎంత అని ఎవరం ఆలోచించలేదు.

బంధువులు వస్తే గర్వంగా చెప్పేవాళ్లం. "కాలు కింద పెట్టనివ్వట్లేదండీ, దేవుడిలా చూసుకుంటున్నాం" అని. వాళ్లూ మెచ్చుకునేవారు.

రెండోసారి

నాలుగు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం నాన్నమ్మ మళ్లీ పడింది. ఈసారి తడి లేదు, చీకటి లేదు. మంచం మీద నుంచి లేచి, రెండడుగుల దూరంలో ఉన్న మంచినీళ్ల సీసా అందుకోబోయి అలా కూలిపోయింది. దెబ్బ తగల్లేదు. కానీ లేవలేకపోయింది. అమ్మ కూరగాయలకి వెళ్లి వచ్చేవరకు, దాదాపు అరగంట, నేల మీదే ఉంది. ఛార్జింగ్‌కి పెట్టిన వాచీ టేబుల్ మీద ఉంది. మంచం గదిలో కెమెరా లేదు.

ఏ ప్రమాదమూ లేకుండా చేశామనుకున్న చోట పడింది. ఎందుకు?

ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమన్నాడు. లేవలేకపోయింది. నాలుగు నెలల కిందట నేల మీద పీట వేసుకుని కూర్చుని కూరలు తరిగి, తనంతట తను లేచిన మనిషి! అతను మెల్లగా చెప్పాడు. "ఈవిడకి జబ్బేం లేదండీ. కాళ్లు వాడలేదు, అంతే. ఈ వయసులో వాడని కండ చాలా త్వరగా కరిగిపోతుంది. మీరు పడకుండా కూర్చోబెట్టారు. కూర్చోవడం వల్లే పడ్డారు."

ఆ రాత్రి నేను చాలాసేపు చదివాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా దాదాపు 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. అనుకోకుండా తగిలే గాయాల మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత స్థానం దీనిదే. అందులోనూ 60 ఏళ్లు దాటినవాళ్లే ఎక్కువ. అంటే మా భయం ఉత్తుత్తి భయం కాదు. కానీ ఇంకో విషయం కూడా దొరికింది. వ్యాయామంతో పెద్దవాళ్లు పడిపోవడం తగ్గుతుందా అని చూసిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2019లో కాక్రేన్ సంస్థ ఒక సమీక్ష వేసింది. సరిగ్గా 108 ట్రయల్స్. (జపమాల గుర్తొచ్చింది కదా, నాకూ గుర్తొచ్చింది.) నిలకడ, కాళ్ల బలం పెంచే వ్యాయామం చేసేవాళ్లు పడిపోవడం దాదాపు 23 శాతం తగ్గిందని తేలింది.

అంటే కాపాడేది కదలిక. మేం ఆపేసింది దాన్నే.

ధర్మరాజు కూడా వద్దనే అన్నాడు

ఇక్కడ నాకు మహాభారతంలో ఆశ్రమవాస పర్వం గుర్తొచ్చింది. యుద్ధం వరకే కథ విని ఆపేస్తాం కాబట్టి మనలో చాలామందికి ఆ పర్వం తెలియదు.

యుద్ధం అయిపోయాక ధృతరాష్ట్రుడు 15 ఏళ్లు ధర్మరాజు దగ్గరే ఉన్నాడు. వందమంది కొడుకుల్ని పోగొట్టుకున్న గుడ్డి ముసలాయన. ఆయనకి ఏ లోటూ రాకూడదని, ఆయన మనసు నొప్పించే పని ఎవరూ చెయ్యకూడదని ధర్మరాజు ఆజ్ఞ. భీముడు మాత్రం చాటుమాటుగా సూటిపోటి మాటలు అనేవాడు. చివరికి ఒకరోజు ధృతరాష్ట్రుడు అడిగాడు. అడవికి వెళ్లి తపస్సు చేసుకుంటాను, అనుమతి ఇవ్వు అని.

ధర్మరాజు ఒప్పుకోలేదు. ఆ సంగతి చదువుతుంటే అచ్చం మా నాన్నే కనిపించాడు. పెద్దాయన అప్పటికే సరిగ్గా తినకుండా, నేల మీద పడుకుంటూ బక్కచిక్కిపోయాడని తెలిసి ధర్మరాజు కుమిలిపోయాడు. మీరు వెళితే నాకు ఈ రాజ్యం ఎందుకన్నాడు. మాట్లాడుతూనే ముసలాయన సోలిపోయి గాంధారి మీద వాలితే, చల్లని చేత్తో ఆయన గుండె, ముఖం తడిమాడు. ముందు భోజనం చెయ్యండి, తర్వాత చూద్దాం అన్నాడు. ప్రేమలో ఏ లోపమూ లేదు. అయినా చివరికి వ్యాసుడు వచ్చి, ఆయన్ని వెళ్లనివ్వమని చెప్పాల్సి వచ్చింది. కార్తీక పౌర్ణమి నాడు ధృతరాష్ట్రుడు, గాంధారి బయలుదేరారు. వాళ్లతో కుంతి కూడా వెళ్లింది. కొడుకులు ఎంత బతిమాలినా ఆగలేదు.

కొన్నేళ్లకి అడవిలో కార్చిచ్చు రేగి ముగ్గురూ అందులో కాలిపోయారు. నారదుడు ఆ కబురు తెచ్చినప్పుడు ధర్మరాజు ఎంత ఏడ్చాడో చెప్పలేం.

ఈ కథ నన్ను ఇబ్బంది పెట్టేది ఇక్కడే. "స్వేచ్ఛ ఇచ్చారు, అంతా సుఖాంతం" అని ఉంటే మనకి హాయిగా ఉండేది. అలా లేదు. వెళ్లనిచ్చారు, ప్రమాదం జరిగింది, పోయారు. అయినా వెళ్లనివ్వడం తప్పని వ్యాసుడు ఎక్కడా అనలేదు. ఏడుపుని ఏడుపుగానే ఉంచాడు, నిర్ణయాన్ని నిర్ణయంగా ఉంచాడు. మన పెద్దల ప్రాణం మన బాధ్యత కావచ్చు. వాళ్ల జీవితం మాత్రం వాళ్లది. ఆ తేడా ధర్మరాజుకే చప్పున అర్థం కాలేదు. మనకి అర్థం కావడానికి టైం పడితే సిగ్గుపడక్కర్లేదు.

'దేవుడిలా' అంటే ఎలా?

తల్లిని, తండ్రిని దైవంగా చూడమని తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో గురువు శిష్యుడికి చెప్పి పంపుతాడు. మనందరికీ చిన్నప్పటి నుంచీ తెలిసిన మాటే. కానీ దేవుడిలా చూసుకోవడం అంటే మేం ఏం చేశామో చూడండి. ఒక చోట కూర్చోబెట్టాం. వేళకి నైవేద్యం పెట్టాం. తలుపుకి తాళం వేశాం. కెమెరా పెట్టాం.

నిజానికి గుళ్లో దేవుణ్ణి కూడా అలా చూడం. నైవేద్యం పెట్టేటప్పుడు తెర వేస్తాం. అలంకారం అయ్యేదాకా తెర తియ్యం. తిరుమలలో రాత్రి ఏకాంత సేవ చేసి తలుపులు మూస్తారు. ప్రపంచాన్నంతా చూసేవాడికి కూడా ఎవరూ చూడని కాసేపు ఇస్తాం. ఇక మూలవిరాట్టు గర్భగుడిలోనే ఉంటాడు కానీ, ఉత్సవమూర్తి బయటికి వస్తాడు. బ్రహ్మోత్సవాల్లో మలయప్పస్వామి మాడవీధుల్లో తిరుగుతాడు. వర్షం పడుతుందేమోనని వాహనసేవ అసలు వద్దనుకోరు కదా, గొడుగు పట్టుకుని వెంట నడుస్తారు.

గొడుగు పట్టుకుని వెంట నడవడం. మా ఇంట్లో మేం మర్చిపోయిన సేవ ఇదే.

ఇంకొక మాట. గీతలో పదహారో అధ్యాయం దైవీ సంపద అంటే ఏమిటో చెబుతూ మొదట చెప్పే గుణం అభయం. మన దేవుళ్లలో చాలామంది చెయ్యి అభయహస్తమే. మరి మేం నాన్నమ్మకి రోజూ ఇచ్చింది ఏమిటి? "లేవకు, పడతావ్." "అటు వెళ్లకు, జారుతావ్." "నీకెందుకు ఆ పని, కూర్చో." రోజుకి ఇరవైసార్లు భయాన్నే ఇచ్చాం. పడతామన్న భయం ఉన్న పెద్దవాళ్లు కదలడం తగ్గించేస్తారని, అలా తగ్గించేకొద్దీ బలహీనపడి పడే అవకాశం ఇంకా పెరుగుతుందని వృద్ధుల వైద్యంలో బాగా తెలిసిన విషయం. మా నోటి మాట కూడా ఒక తడి నేలే అయింది.

అమ్మ మాట

ఇదంతా నేను ఉత్సాహంగా ఇంట్లో చెబితే, నాన్న తల ఊపాడు. అమ్మ మాత్రం గిన్నెలు సర్దుతూ అంది. "నువ్వు భారతం చెబుతావు బానే ఉంది. రేపు అత్తయ్యగారికి తుంటి విరిగితే మంచం దగ్గర ఉండేది నువ్వా, నేనా?"

నా దగ్గర జవాబు లేదు. ఈ ప్రశ్నని దాటేసి 'పెద్దల స్వేచ్ఛ' గురించి మాట్లాడితే అది అబద్ధం అవుతుంది. మన ఇళ్లల్లో ఒకరి స్వేచ్ఛ మోసేది ఎక్కువసార్లు ఇంకో ఆడమనిషి నడుమే. అమ్మ రూల్స్ పెట్టింది అధికారం కోసం కాదు. అలిసిపోయి.

కాబట్టి ఆ ఆదివారం ముందు పనులు పంచుకున్నాం. రాత్రి లేచి చూడాల్సి వస్తే ఒకరోజు నాన్న, ఒకరోజు నేను. ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు, మందులు నావి. సాయంత్రం నాన్నమ్మతో కింద నడక నాన్నది. ఆ తర్వాతే నలుగురం కూర్చున్నాం. నలుగురం అంటే నాన్నమ్మతో కలిపి. నాలుగు నెలల్లో ఆవిడ గురించి ఆవిడ ఉండగా మాట్లాడడం అదే మొదటిసారి.

"నీకు ఏమేం కావాలి నాన్నమ్మా?" అని అడిగాను. పెద్ద లిస్టు చెబుతుందనుకున్నాను. మూడే చెప్పింది. "తెల్లారకముందు నా స్నానం నేను చేసుకోవాలి. దీపం నా చేత్తో పెట్టుకోవాలి. బాత్రూంలో ఉన్నప్పుడు తలుపు వేసి ఉండాలి."

చేసిన పనులు

అప్పుడు మా ప్రశ్న మారిపోయింది. 'ఎలా ఆపాలి' అన్నది పోయి, 'ఈ మూడూ పడకుండా చేసుకోవాలంటే ఏం మార్చాలి' అయింది. ఇక్కడి నుంచి ఇంజనీరు బుర్రకి పని దొరికింది. మీకూ పనికొస్తాయని వివరంగా రాస్తున్నాను.

బాత్రూంలో కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడకి డ్రిల్ చేసి స్టీలు పట్టుకొమ్ములు బిగించాం. టవల్ రాడ్ పట్టుకుని లేవడం చాలా ప్రమాదం, అది మనిషి బరువు ఆపదు, ఊడొస్తుంది. గోడకి అంటుకునే రబ్బరు కప్పుల రకం కూడా నమ్మలేం. కాళ్లకి రబ్బరు బూట్లున్న స్టూలు ఒకటి వేశాం, కూర్చునే స్నానం. నేల మీద జారని మ్యాట్. గడియ తీసేసి, అవసరమైతే బయటి నుంచి నాణెంతో తిప్పి తీయగలిగే తాళం పెట్టాం. తలుపు వేసుకోవచ్చు, అవసరమైతే మేం తెరవొచ్చు. ఆవిడ తెర ఆవిడకి ఉంది.

మడిబట్ట సంగతి నేను చాలా భయపడుతూ అడిగాను. ఆవిడే తేల్చేసింది. "మడి అంటే పిల్లలు ముట్టుకోకుండా ఎత్తులో వేసేవాళ్లం. ఇక్కడ ముట్టుకునే పిల్లలు ఎవరున్నార్రా, నువ్వు గాడిదంత అయ్యావు." ఇప్పుడు మడిచీర బాత్రూంలోనే, తడవని మూల, భుజం ఎత్తు కొక్కానికి ఉంటుంది. తడిచీరతో హాలు దాటే పనే లేదు. మొదటి ప్రమాదానికి అసలు కారణం అలా పది రూపాయల కొక్కెంతో పోయింది.

మంచం నుంచి బాత్రూం దాకా, అక్కణ్ణుంచి దేవుడి గది దాకా మనిషి కదిలితే వెలిగే చిన్న లైట్లు పెట్టాం. గుమ్మాల దగ్గర మడతపడే పట్టాలు తీసేశాం. ఫోన్ ఛార్జర్ వైర్లు దారిలోంచి జరిపాం. బాత్రూం గడప ఎత్తు కనబడేలా పసుపు రంగు వేశాం. గడపకి పసుపు రాయమని పెద్దలు ఎందుకు చెప్పారో నాకు తెలియదు కానీ, చూపు తగ్గినవాళ్లకి ఆ రంగు బాగా కనబడుతుందన్నది మాత్రం నిజం. దీపం నూనె ఒలికితే వెంటనే తుడిచేలా పక్కనే ఒక గుడ్డ. చీర కుచ్చిళ్లు పాదం మీద పడకుండా కాస్త పైకి.

తర్వాత శరీరం. డాక్టరు దగ్గర పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక మళ్లీ బీపీ చూశారు. నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ పడిపోతే కళ్లు తిరిగి పడే ప్రమాదం ఉంటుంది. నాన్నమ్మకి అలాగే పడింది. బీపీ మాత్ర మోతాదు, వేళ డాక్టరే మార్చారు. దయచేసి మీరు సొంతంగా మాత్రలు ఆపకండి. నిద్రమాత్రలు వాడుతుంటే మాత్రం ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి, అవి కూడా పడేస్తాయి. మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవకుండా, ఒక నిమిషం అంచున కూర్చుని, పాదాలు ఆడించి, అప్పుడు లేవడం అలవాటు చేశాం. ఆ నిమిషం నామం చెప్పుకోవడానికని ఆవిడే నిర్ణయించుకుంది. కంటి శుక్లం ఆపరేషన్ రెండేళ్లుగా వాయిదా పడుతోంది, అదీ చేయించాం. రెండు పవర్ల కళ్లజోడుతో మెట్లు దిగితే కింది భాగంలోంచి మెట్టు మసకగా కనిపిస్తుందని కూడా అప్పుడే తెలిసింది.

ఇక బలం. ఫిజియోథెరపిస్టు చెప్పినవి చాలా మామూలు పనులు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మొదట చేతుల సాయంతో, తర్వాత లేకుండా. వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం. గట్టు పట్టుకునే ఒక కాలి మీద పది అంకెలు లెక్కపెట్టే వరకు నిలబడడం. ఒక అడుగు ముందు ఒక అడుగు ఆనించి నడవడం. ఆఖరిది చూసి ఆవిడ, "ఇది అడుగు ప్రదక్షిణం కదరా, నాకు నేర్పుతావేంటి" అంది. మరొకటి కూడా నేర్పించాడు. పడితే ఎలా లేవాలో. కంగారు పడకుండా ముందు దెబ్బ తగిలిందేమో చూసుకుని, పక్కకి తిరిగి, మోకాళ్ల మీదకి వచ్చి, దగ్గర్లో కుర్చీ పట్టుకుని లేవడం. దెబ్బ తగిలితే కదలకుండా పిలవడం. పడ్డాక లేవగలనన్న ధైర్యం ఉంటేనే నడవగలరు. అభయం అంటే నాకు అప్పుడు అర్థమైంది. "నీకేం కాదు" అని చెప్పడం కాదు, అయినా తట్టుకోగలిగేలా చెయ్యడం.

మూడు నెలలకి చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచింది. ఆ రోజు కెమెరా తీసేశాను.

మిగిలిన ప్రమాదం ఎవరిది?

ఇంత చేశాక కూడా పడదని గ్యారంటీ ఉందా? లేదు. అందుకే మొదటి ప్రశ్నకి నాకు తోచిన జవాబు చెబుతాను. తీసెయ్యగలిగిన ప్రమాదాన్ని తీసెయ్యకపోవడం నిర్లక్ష్యం. "ఆవిడ ఇష్టం, ఆవిణ్ణి చెయ్యనీ" అని తడి నేలని అలాగే వదిలేస్తే అది స్వేచ్ఛ ఇవ్వడం కాదు, బాధ్యత తప్పించుకోవడం. అన్నీ చేశాక కూడా కాస్త ప్రమాదం మిగులుతుంది. దాన్ని తీసుకోవాలా వద్దా అన్న నిర్ణయం కూడా మనమే లాక్కుంటే అది ప్రేమ రూపంలో ఉన్న అహంకారం.

మతిమరుపు జబ్బు వచ్చి, స్టవ్ వెలిగించిన సంగతే గుర్తుండని పెద్దవాళ్ల విషయంలో ఈ గీత మారుతుంది. అక్కడ మనం ఎక్కువ నిర్ణయాలు తీసుకోక తప్పదు. అయినా ఏ చీర కట్టుకోవాలి, ఏ పువ్వు దేవుడికి పెట్టాలి అన్నవి వాళ్లకి వదలొచ్చు.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం పిల్లల చేత నెలనెలా డబ్బు కట్టించగలదు. "నీకేం కావాలి?" అని ఎదురుగా కూర్చుని అడిగించగల చట్టం లేదు. అది మన సంస్కారానికే వదిలేశారు.

మీలో చాలామంది బెంగళూరులోనో, డల్లాస్‌లోనో ఉంటారు. అమ్మానాన్నలు విజయవాడలోనో వరంగల్‌లోనో ఇద్దరే ఉంటారు. ఈసారి ఫోన్ చేసినప్పుడు "భోంచేశారా" తర్వాత ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. "ఈ మధ్య ఎప్పుడైనా తూలారా? రాత్రి బాత్రూంకి లైటు వేసుకుంటున్నారా?" చాలామంది పడిన సంగతి పిల్లలకి చెప్పరు. చెబితే రూల్స్ వస్తాయని. మీరు కోప్పడరని తెలిస్తేనే చెబుతారు. సలహాకో సాయానికో వృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ 14567 ఉంది, ఆ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ చేయించండి. వచ్చే సెలవులకి వెళ్లినప్పుడు వాళ్లకి స్వీట్స్‌తోపాటు బాత్రూంకి రెండు పట్టుకొమ్ములు బిగించి రండి. ఆ సంవత్సరానికి అంతకంటే పెద్ద పాదపూజ ఉండదు.

పోయిన కార్తీకంలో నాన్నమ్మ మళ్లీ నాలుగున్నరకి లేచింది. నాకూ మెలకువ వచ్చింది. చీకట్లో పడుకుని వింటున్నాను. చెంబు చప్పుడు, నీళ్ల చప్పుడు, తర్వాత కాసేపు ఏ చప్పుడూ లేదు. లేచి వెళ్లాలనిపించింది. వెళ్లలేదు. ఆ రెండు నిమిషాలు చాలా పెద్దవి. ధర్మరాజు పరిస్థితి ఏమిటో కొంచెం తెలిసింది.

తర్వాత దేవుడి గదిలో గంట మోగింది.

ఇప్పుడు మా ఇంట్లో అలర్ట్ సిస్టం అదే. ఐదుంబావుకి గంట వినిపిస్తే నాన్నమ్మ క్షేమం. వినిపించకపోతే వెళ్లి తలుపు తడతాం. అమ్మ కూడా ఆ గంట విన్నాకే మళ్లీ నిద్రపోతుంది.

మీ ఇంట్లో గంట ఎవరు మోగిస్తారో, వాళ్లని ఈ వారం ఒక్కసారి అడగండి. మీకేం కావాలి అని.

శుభం.